నడిమి పొర

నా ఉద్యోగం చచ్చినవాటిని లెక్కపెట్టడం. ఇరవైమూడేళ్లుగా అదే పని. మనుషుల్ని కాదులెండి, కంగారు పడకండి, బీరును పులియబెట్టే ఈస్ట్ కణాల్ని. గాజు పలక మీద ఒక చుక్క ఈస్టూ ఒక చుక్క నీలి రంగూ కలిపి మైక్రోస్కోపు కింద పెడితే, బతికున్నవి తెల్లగానే ఉంటాయి, చచ్చినవి నీలం తాగేస్తాయి. వందలో ఎన్ని నీలమో రాసి, కింద వ్లాస్తా అని సంతకం పెడతాను. రెండో మూడో రాసిన రోజు నన్ను చూసి అందరూ నవ్వుతూ పలకరిస్తారు. ఆ వేసవిలో నేను ఇరవైయెనిమిది రాశాను.

రెండువేల మూడు వేసవి అది. వాన మొహం చూసి ఏడు వారాలైంది. కొండల మీదున్న మా ఊళ్లో కూడా గడ్డి మాడిపోయి, జనం మధ్యాహ్నం నుంచే పబ్బుల్లో చల్లని గ్లాసులు పట్టుకుని కూర్చునేవాళ్లు. అలాంటి ఎండల్లో బీరు ఎంత చేసినా చాలదు. మాకు మాత్రం పంపిన పీపాలు పంపినట్టే తిరిగొచ్చేవి. “ఇది బీరా, పిల్లల దగ్గు మందా?” అని చౌరస్తా పబ్బు యజమాని మా గేటు దగ్గరే నిలబడి నలుగురూ వినేలా అడిగాడు. అతన్ననడానికి లేదు. బీరు నిజంగానే తియ్యగా ఉండేది. బార్లీ రసంలో ఉన్న తీపినంతా ఈస్ట్ తినేయాలి, అప్పుడే అది బీరవుతుంది. మా ఈస్ట్ సగం తిని చతికిలబడిపోతోంది.

జూన్ మూడో సోమవారం ఇంజనీరు సోవాక్ మమ్మల్నందరినీ భోజనాల గదిలో కూర్చోబెట్టాడు. మా బ్రూవరీని రెండేళ్ల కిందట కొనుక్కున్న ప్రాగ్ కంపెనీ పంపిన మనిషి. నలభై దాటలేదు, ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట. అరిచే మనిషైతే తిరిగి అరవచ్చు, మెత్తగా మాట్లాడేవాడితోనే చిక్కు.

“మీ ఈస్ట్ ముసలిదైపోయింది,” అన్నాడు. “నూటపదేళ్లుగా అదే వాడుతున్నారు. పాపం, దానికీ విశ్రాంతి కావాలి కదా. సెప్టెంబరు ఒకటిన మా సెంట్రల్ బ్రూవరీ నుంచి ట్యాంకరులో కొత్త ఈస్ట్ వస్తుంది. పాతదంతా కాలువలోకి వదిలేస్తాం. చలికాలం లోపల స్పిల్కా కూడా మూసేస్తాం.”

స్పిల్కా అంటే నేలమాళిగలో, మూతల్లేని పెద్ద తొట్లలో బీరు పులిసే చల్లటి గది. మా నాన్న అలోయిస్ హ్రూబెష్ దానికి మేస్త్రి. ఆయనకు ముందు ఆయన తండ్రి, అంతకు ముందు తాత. మా ఇంట్లో దాన్ని ఈస్ట్ అనరు, తోడు అంటారు. ఒక తొట్టిలో పులిసిన బీరు తీసేశాక అడుగున మిగిలినదాన్ని తర్వాతి తొట్టికి తోడుపెట్టడం, మళ్లీ అందులోంచి ఇంకోదానికి. రెండు యుద్ధాల్లోనూ అది ఆగలేదు. ఫిబ్రవరిలో ప్రాగ్ కంపెనీ పక్క గదిలో కొత్త ఇనప ట్యాంకులు పెట్టించి, వాటిలోనూ అదే తోడు వేయించింది.

నాన్న టోపీ చేతిలో పట్టుకుని లేచాడు. “ఇంజనీరు గారూ, నా తొట్లలో బీరు బాగానే పులుస్తోంది. కూర్చుండిపోతోంది మీ ఇనప ట్యాంకుల్లో. తోడు ఒకటే కదా. మరి ముసలితనం ఆ గదిలోకి వెళ్లాకే వచ్చిందంటారా?”

బెంచీల మీద నవ్వులు పుట్టాయి. సోవాక్ కూడా కొంచెం నవ్వాడు. “ట్యాంకుల్లో వేసింది మీ దగ్గర్నుంచి తెచ్చిందే కదా, హ్రూబెష్ గారూ. రోగం ఎక్కణ్నుంచి వచ్చినట్టు? మీ దగ్గర ఇంకా బయటపడలేదు, అంతే.”

అవతలి బెంచీ మీద ట్యాంకు గది పనివాళ్లు కూర్చున్నారు. వాళ్లలో ఒకడు తల వంచుకుని గోళ్లు చూసుకుంటున్నాడు. వాడు నా మొగుడు దాలిబోర్.

మా ఇంటి సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. సీసాలు నింపే చోట పనిచేసే దాలిబోర్‌ను ఫిబ్రవరిలో కొత్త ట్యాంకుల మీద వేశారు. ఆ రోజు నుంచి మా నాన్న అల్లుడితో మాట మానేశాడు. ఒకే కప్పు కింద ఉంటాం, ఒకే బల్ల మీద తింటాం. “మీ ఆయన్ని ఉప్పు ఇటివ్వమను,” అంటాడు నాన్న, ఉప్పు దాలిబోర్ మోచేతి దగ్గరే ఉన్నా. నేను తీసి ఇస్తాను. ఐదు నెలలపాటు ఆ ఇంటికి పోస్టాఫీసుని నేనే.

ఆ సోమవారం సాయంత్రం నాన్న ఏమీ తినకుండా మేడమీదికి వెళ్లిపోయాడు. నాకు కడుపు మండిపోయింది. ట్యాంకుల ఈస్ట్‌కు ఇరవైయెనిమిది అని రాసింది నేను. మా తాతలనాటి తోడును చంపడానికి సోవాక్ చూపించే కాయితం మీద ఉన్న సంతకం నాది. అది తప్పుడు లెక్క కాదు, అందుకే ఇంకా మండింది. నీలి రంగు చచ్చిందా బతికుందా అన్నది చెప్తుంది. ఎందుకు చచ్చిందో చెప్పదు.

సాయం యార్మిలా రూపంలో వచ్చింది. ల్యాబులో గాజు సామాను కడిగే మనిషి, నాకంటే పదేళ్లు పెద్దది, నోరు నాకంటే ఇరవయ్యేళ్లు పెద్దది. వాళ్ల చెల్లెలు జిల్లా ఆసుపత్రిలో ఊడ్చే పని చేస్తుంది. అక్కడ కొత్త యంత్రాలొచ్చి, పాత ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపును మెట్లకింద పడేశారట. అడిగితే తీసుకుపొమ్మన్నారు. యార్మిలా మనవరాలి తోపుడు బండిలో దుప్పటి కప్పి దాన్ని పట్టపగలే బ్రూవరీలోకి తోసుకొచ్చాం.

గేటు దగ్గర కాపలా ముసలాయన దుప్పటి కేసి తొంగి చూశాడు. “పాప ఎవరి పోలిక?”

“వాళ్ల నాన్న పోలికే. తూర్పు జర్మనీవాడు,” అంది యార్మిలా, నడక ఆపకుండా. మైక్రోస్కోపు మీద ఆ దేశపు ముద్రే ఉంది మరి.

ల్యాబు పక్కన చీపుర్లూ బకెట్లూ పెట్టుకునే గదికి కిటికీ లేదు. తలుపుకు గుర్రపు కంబళి కట్టేసరికి పిల్లి కంటికి కూడా ఏమీ కనపడనంత చీకటైంది. ఈ మైక్రోస్కోపుకు కావలసింది అదే. మామూలుదానిలో కింది నుంచి వెలుతురు పడుతుంది, వస్తువు నీడలా కనపడుతుంది. దీనిలో పాదరసం దీపం నుంచి వచ్చే ఘాటైన ఊదా కాంతి వస్తువు మీద పడితే, రంగు పట్టిన చోటు తనంతట తానే వెలుగుతుంది. మిగతాదంతా చీకటే. బల్బుతో పాటు ఒక చిన్న నోటు పుస్తకం వచ్చింది, వెలిగించిన గంటలన్నీ అందులో రాసి ఉన్నాయి. రెండువందల గంటల బల్బుకు నూట ఎనభైయొకటి అయిపోయాయి. ఆపైన వాడితే పేలినా పేలొచ్చు. కొత్తది కావాలంటే సోవాక్‌ను అడగాలి. అడిగితే ఎందుకంటాడు.

రంగు పక్క ఊరి బట్టల మిల్లు నుంచి తెచ్చాను. చొక్కాలు తెల్లగా మెరవడానికి సబ్బు పొడిలో కలిపే మందే అది, వేరే ఏమీ కాదు. ఈస్ట్ కణానికి ఒక లక్షణం ఉంది. తల్లి కణానికి మొగ్గ తొడిగి కూతురవుతుంది, కూతురు ఊడి వెళ్లిపోతుంది. ఊడిన చోట తల్లి ఒంటిమీద ఒక ఉంగరంలాంటి మచ్చ మిగిలిపోతుంది, చచ్చేదాకా పోదు. నా పొట్ట మీద రెండు కాన్పుల చారలున్నట్టే. తెలుపు మందు సరిగ్గా ఆ మచ్చలకే అంటుకుంటుంది. అంటే ఏ తల్లికి ఎన్ని కాన్పులో లెక్కపెట్టొచ్చు.

ముందు నాన్న తొట్టిలోని తోడు పెట్టాను. నల్లటి చీకట్లో నీలి ఉంగరాలు ఒక్కటొక్కటిగా వెలిగాయి. ఇరవైమూడేళ్లు ఈ ప్రాణుల్నే చూస్తూ గడిపి, ఇంత అందంగా ఉంటాయని తెలియకుండా ఉన్నందుకు సిగ్గేసింది. వంద లెక్కపెట్టాను. యాభైరెండింటికి ఒక్క మచ్చా లేదు, అప్పుడే పుట్టిన కూతుళ్లు. పాతిక దాకా ఒక్క కాన్పువి. పన్నెండో పదమూడో రెండు కాన్పులవి. సగం, అందులో సగం, మళ్లీ అందులో సగం. ఆరోగ్యంగా ఉన్న కుటుంబం ఇలాగే ఉండాలి.

తర్వాత ట్యాంకులోది పెట్టాను. చూసి యార్మిలాను పిలిచాను. “లెక్కపెట్టు. నేను తప్పు చూస్తున్నానేమో.”

ఆవిడ కన్ను పెట్టి చాలాసేపు పెదవులు కదిపింది. “దీనికి పదకొండు,” అంది చివరికి. “పదకొండు కాన్పులు, తల్లీ. దీన్ని ఇంకా పనిలో పెట్టుకున్నాడా మీ ఇంజనీరు? నా మోకాళ్లే నయం.”

వందలో మచ్చలేనివి తొమ్మిది. మిగతా వాటిలో చాలావాటికి ఐదు, ఆరు, ఏడు. ఒకే ముత్తవ్వ సంతానం, ఒక చోట బడిలా ఉంటే ఇంకో చోట వృద్ధాశ్రమంలా ఉంది. ఇది రోగం కాదు. రోగమైతే కూతుళ్లకూ పట్టాలి. ట్యాంకుల్లో కూతుళ్లు పుడుతూనే ఉండి ఉంటారు, లేకపోతే ఆ మచ్చలెక్కడివి? పుట్టిన కూతుళ్లు ఎక్కడికి పోతున్నారన్నదే నాకర్థం కాలేదు.

ఆ ఆదివారం ఆప్రికాట్లు లోపల పెట్టి ఉడికించిన పిండిముద్దలు చేశాను. వేడి వేడి ముద్దల మీద వెన్న, పంచదార, గసగసాల పొడి. నాన్న ఆ చివర, దాలిబోర్ ఈ చివర.

“ట్యాంకులోంచి తోడు ఎలా తీస్తావు?” అని దాలిబోర్‌ను అడిగాను.

“కాయితంలో ఉన్నట్టే తీస్తాను.”

“కాయితంలో ఏముంది?”

“కింద శంకులా ఉండే మొన దగ్గర వాల్వు తెరవాలి. మొదట వచ్చే ఆరు హెక్టోలీటర్లు తర్వాతి ట్యాంకుకి తోడు. మిగతాది కాలువకి.” గసగసాలు జల్లుకుంటూ చెప్పాడు. “ఎందుకూ?”

నాన్న ఫోర్కు కింద పెట్టాడు. “మొదట వచ్చేదా?”

అన్నది నాతో కాదు. దాలిబోర్‌కు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. “అవును మామయ్యా.”

“మొదట వచ్చేది అట్టడుగుది కదరా.”

“అడుగుదైతే ఏమవుతుంది?”

నాన్న అల్లుడి మొహంలోకి చూశాడు, వేళాకోళమాడుతున్నాడేమోనని. ఆడటం లేదు. సీసాల దగ్గర పదిహేనేళ్లు పనిచేసిన మనిషికి తోడు సంగతి ఎలా తెలుస్తుంది?

“తొట్టిలో బీరు తీసేశాక అడుగున మూడు పొరలుంటాయి,” అన్నాడు నాన్న నెమ్మదిగా. “పైది గోధుమ రంగు, చేదు చెత్త. దాన్ని చెక్కతో గీకి పారేస్తాం. అట్టడుగుది బూడిద రంగు. బరువెక్కిన ముసలివీ, చచ్చినవీ, మడ్డీ ముందే దిగిపోయుంటాయి. అది పందులకి. మధ్యలో గట్టి పెరుగులా తెల్లగా ఒక పొర ఉంటుంది. నడిమిది. తోడంటే అదొక్కటే. మా తాత నాకు అక్షరాలకంటే ముందు అది నేర్పాడు. నీకెవరూ చెప్పలేదా?”

“ఎవరు చెప్తారు మామయ్యా?” అన్నాడు దాలిబోర్.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముసలివాళ్లను పోగేసి, వాళ్లలో ముసలివాళ్లను మళ్లీ పోగేసి, కూతుళ్లనందరినీ పదిహేనుసార్లు కాలువలో పోసుకున్నాం. ఆ మాట తెలిసిన మనిషీ, తెలియని మనిషీ రోజూ ఒకే గిన్నెలోంచి వడ్డించుకుని తిన్నారు. నాన్న గసగసాల గిన్నెను తన చేత్తోనే అల్లుడి వైపు జరిపాడు. ఉప్పు సంగతి ఆ ఇంట్లో మళ్లీ నన్నెవరూ అడగలేదు.

సోమవారం పొద్దున్నే సోవాక్ దగ్గరికి వెళ్లాను. రెండు లెక్కలూ బల్ల మీద పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను. అతను మర్యాదగా విన్నాడు.

“వ్లాస్తా గారూ, ఆ సూచనలు సెంట్రల్‌లో రాసినవి. మా బ్రూవరీలన్నింటిలో అవే నడుస్తున్నాయి. ఎక్కడా గొడవ లేదు.”

“అక్కడ మూడుసార్లు వాడి పారేసి, ల్యాబులో పెంచిన కొత్తది తెచ్చుకుంటారట కదా. ముసలివి పోగయ్యే లోపలే మార్చేస్తారు. మేం మార్చం. అందుకే మా దగ్గర తప్పు బయటపడింది.”

“చీపుర్ల గదిలో ఏవో దీపాలు వెలిగించుకుంటున్నారని విన్నాను,” అన్నాడు చిరునవ్వుతో. “అభిరుచులు మంచివే. కానీ సూచన దాటి ఎవరైనా వాల్వు ముట్టుకుంటే, వాళ్లు మరో ఉద్యోగం వెతుక్కోవాల్సి ఉంటుంది. మీ ఆయనకి కూడా చెప్పండి.”

చెప్పాను. దాలిబోర్ బూట్ల తాళ్లు కట్టుకుంటూ విన్నాడు. నాన్న గుమ్మం దగ్గరే ఉన్నాడు. “వద్దులేరా,” అన్నాడు నాన్న. “నాకు అరవైనాలుగు. నా తోడుతో పాటు నేనూ పోతాను. నీకింకా పిల్లల చదువులున్నాయి.”

“కాలువలో పోసింది నేను, మామయ్యా. మీరు కాదు,” అన్నాడు దాలిబోర్. మూతి ముడుచుకుని, మొండిగా. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆ మొహం నేను చూడలేదు. “గురువారం మధ్యాహ్నం నాలుగో ట్యాంకు తీయాలి. మీరు రండి. రంగు నేను గుర్తుపట్టలేను.”

గురువారం సోవాక్ భోజనానికి బయటికెళ్లగానే నాన్న మొట్టమొదటిసారి ట్యాంకు గదిలో కాలు పెట్టాడు. టోపీ తీసి, మా పాత పనివాళ్లు చెప్పుకునే దీవెన, “దేవుడు మేలు చేయాలి” అన్నది, ఆ మూడంతస్తుల ఇనప ట్యాంకులకు చెప్పాడు. గుమ్మం దగ్గర యార్మిలా తడిగుడ్డతో అప్పటికే మెరుస్తున్న నేలను తుడుస్తూ నిలబడింది. పైపుకు మధ్యలో చిన్న గాజు కన్ను ఉంటుంది. నాన్న దానికి మొహం ఆనించి వంగాడు.

దాలిబోర్ వాల్వు తెరిచాడు. బూడిద రంగు మడ్డి పెళ్లలు పెళ్లలుగా కాలువలోకి పోయింది. “పోనీ,” అన్నాడు నాన్న. “పోనీ. ఇంకా పోనీ.” దాలిబోర్ నుదుటి మీద చెమట. కాయితం ప్రకారం అప్పటికే తర్వాతి ట్యాంకులో ఉండాల్సిన నాలుగు హెక్టోలీటర్లు, అంటే నాలుగువందల లీటర్లు, కాలువ పాలయ్యాయి. “ఇప్పుడు,” అన్నాడు నాన్న. పైపును తర్వాతి ట్యాంకు వైపు తిప్పారు. గాజు కంటిలో మీగడ రంగు. ఆరు నిండాక, ఇంకా తెల్లగానే ఉండగా, “చాలు. ఆశకు పోవద్దు, మూసెయ్,” అన్నాడు.

దాలిబోర్ చేతులు తుడుచుకుని పని పుస్తకం తెరిచాడు. మొదటి నాలుగు కాలువకి, నడిమి ఆరు తోడుకి అని రాసి, కింద తన పేరు వేశాడు.

“అది కూడా రాయాలా?” అన్నాను.

“చేశాక రాయాలిగా. దొంగతనం చేస్తున్నామా?”

పది రోజులకు, ఆ తోడు వేసిన ట్యాంకు తీసేటప్పటికి వందలో మచ్చలేనివి ముప్ఫయ్యొకటి. ఆ తర్వాత నలభైమూడు. ఆగస్టు మూడో వారానికి యాభై. నీలం తాగినవి నాలుగు. తీపి మాయమైంది. చౌరస్తా పబ్బు యజమాని గేటు దగ్గరికి రావడం మానేశాడు, లారీ ఆలస్యమైతే మాత్రం ఫోన్ చేసి తిట్టేవాడు. ఆ తిట్లు వినడానికి మేం ఎగబడేవాళ్లం.

బీరు బాగుపడింది కాబట్టి ఎందుకు బాగుపడిందని సోవాక్‌కు అనుమానం రావాలి, వచ్చింది. పని పుస్తకం తిరగేశాడు. దాచిందేమీ లేదు, పేజీ పేజీకీ దాలిబోర్ పేరుంది. మర్నాడు దాలిబోర్ చేతికి ఉత్తరం వచ్చింది. సెప్టెంబరు ఒకటి సాయంత్రంతో ట్యాంకుల మీద పని సరి. సోవాక్ నన్ను తన గదికి పిలిచి, ఇంకో కాయితం ముందు పెట్టాడు. ‘ఈస్ట్ క్షీణించినది, వాడకానికి పనికిరాదు’ అని టైపు చేసి ఉంది. కింద ల్యాబు సంతకానికి గీత.

“ఇది ఫైలు కోసమే,” అన్నాడు.

“ఇది అబద్ధం, ఇంజనీరు గారూ.”

“జూన్‌లో ఇరవైయెనిమిది అని మీరే రాశారు.”

“ఆగస్టులో నాలుగని కూడా నేనే రాశాను. ఆ సంతకానికి విలువుంటే ఈ సంతకానికీ ఉంటుంది. రండి, మీ కళ్లతో మీరు చూడండి.”

వస్తాడనుకోలేదు. వచ్చాడు. ఇస్త్రీ చొక్కాతో బకెట్ల మధ్య ఇరుక్కుని కూర్చుని కన్ను పెట్టాడు. చాలాసేపు చూశాడు. మూర్ఖుడు కాదు అతను, అదే నా బాధ. కంబళి పక్కకి తీసినప్పుడు కళ్లు చికిలించుకుని, “బాగున్నాయి,” అన్నాడు. “మీరు చెప్పింది నిజమే కావచ్చు. కానీ ప్రాగ్‌లో నిర్ణయం అయిపోయింది. ట్యాంకరు బయల్దేరుతుంది.”

“నేను సంతకం పెట్టను.”

“పెట్టకపోయినా బయల్దేరుతుంది, వ్లాస్తా గారూ.”

ఆ రాత్రి బల్ల దగ్గర నాన్న రొట్టెముక్క నలుపుతూ కూర్చున్నాడు. “ట్యాంకరులో ఏం పంపిస్తారంటావు?” అన్నాడు. “వాళ్ల దగ్గర కూడా మొదట వచ్చేదే పడతారు కదా. కొత్తది వాళ్లు ఉంచుకుని, మూడుసార్లు వాడి పారేయాల్సిందే మనకి తోస్తారు. ఊరవతలి చుట్టానికి ఎవరైనా మంచిది పంపిస్తారా?”

దాలిబోర్ నా వైపు చూశాడు. నేను లేచి వెళ్లి సెంట్రల్ వాళ్ల నియమాల పుస్తకం సంచీలోంచి తీశాను. పన్నెండో పేజీలో దొరికింది. బయటినుంచి వచ్చే ఈస్ట్‌ను ల్యాబు పరీక్షించాలి. చచ్చినవి వందకు ఐదు దాటితే తీసుకోరాదు, వెనక్కి పంపాలి.

సెప్టెంబరు ఒకటి కూడా మండిపోయింది. పది గంటలకు రావాల్సిన ట్యాంకరు రహదారి మీద ఇరుక్కుని ఒంటిగంటన్నరకు వచ్చింది. అప్పటికే పొద్దున కాచిన బార్లీ రసం చల్లారి, ఐదో ట్యాంకులో తోడు కోసం ఎదురుచూస్తోంది. తోడు పడని తియ్యటి రసం ఎంతోసేపు ఆగదు. గంటలు దాటితే ఊళ్లో ఉన్న ప్రతి సూక్ష్మజీవికీ అందులో పెళ్లిభోజనమే. సోవాక్ యార్డులోకి పరుగున వచ్చి, గొట్టం తగిలించమన్నాడు. దాలిబోర్ గొట్టం భుజాన వేసుకున్నాడు కానీ తగిలించలేదు.

“ల్యాబు కాయితం రాలేదండీ,” అన్నాడు.

నేను గాజు గిన్నె తీసుకుని ట్యాంకరు దగ్గరికి నడిచాను. పరుగెత్తలేదు. నమూనా తీశాను, చుక్క నీలి రంగు వేశాను, మామూలు మైక్రోస్కోపు కిందే పెట్టాను. వందకు ఇరవైయొకటి.

“మీరే లెక్కపెట్టండి,” అని కుర్చీలోంచి లేచాను.

సోవాక్ లెక్కపెట్టాడు. ఇంకో చుక్క వేయించి మళ్లీ లెక్కపెట్టాడు. అతని లెక్కలో ఇరవైమూడు వచ్చాయి. పన్నెండో పేజీ తెరిచి పక్కన పెట్టాను. అతను చదవలేదు, అక్కర్లేదు, రాసినవాళ్లలో అతనూ ఒకడు. నేను రిజిస్టరులో ‘తీసుకోరాదు’ అని రాసి, సంతకం పెట్టాను. అంత గట్టిగా పెన్ను నొక్కి ఎప్పుడూ పెట్టలేదు.

“ఆ చీపుర్ల గది తీయండి,” అన్నాడు.

బల్బుకు మిగిలిన గంటలు అయిపోతే అయిపోనీ అని దీపం పొద్దున్నుంచే వెలిగించి ఉంచాను. ఈసారి ట్యాంకరు నమూనాలో మచ్చల్ని అతను గొణుగుతూ లెక్కపెట్టడం చీకట్లో వినిపించింది. ఎనిమిది. తొమ్మిది. ఆరు. పది. కుర్చీ కిర్రుమంది.

“మా సొంత బ్రూవరీవే,” అన్నాడు. నాతో కాదు, ఎవరితోనూ కాదు.

బయటికొచ్చేసరికి గుమ్మంలో నాన్న నిలబడున్నాడు, పక్కన దాలిబోర్. ట్యాంకరు డ్రైవరు వెనక్కి వెళ్లాలా వద్దా అని యార్మిలాను అడుగుతున్నాడు. వెళ్లే ముందు కాస్త కాఫీ తాగమని ఆవిడ చెప్తోంది.

“నాలుగో ట్యాంకులో నడిమిది ఎంతుంది?” అని సోవాక్ అడిగాడు.

“కావలసినంత,” అన్నాడు దాలిబోర్.

సోవాక్ జేబులోంచి తోడు పత్రం తీశాడు. ఏ ట్యాంకులోకి ఏ తోడు, దాని పూచీ ఎవరిది అని రాసే పత్రం. మా దగ్గర ఆ గీత మీద ఎప్పుడూ పడేది హ్రూబెష్ అన్న పేరే. అది తెలిసి పెన్ను నాన్న వైపు చాచాడు. నాన్న చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“అల్లుడి పేరు రాయండి.”

“అతనికి ఈ సాయంత్రంతో పని సరి, హ్రూబెష్ గారూ. ఉత్తరం ఇచ్చాం.”

“ఉత్తరం మీరు రాసిందే కదా. మీరే చింపండి,” అన్నాడు నాన్న. “తోడు వాడి చేతిలో పెట్టాను. వాడి పేరు పడకపోతే ఆ వాల్వు ఇవాళ ఎవరూ తిప్పరు. రసం ఎంతసేపు ఆగుతుందో మీకు తెలుసు.”

దాలిబోర్ మొహం ఎర్రబడిపోయింది. సోవాక్ ఐదో ట్యాంకు వైపు చూశాడు, గడియారం వైపు చూశాడు. తర్వాత పత్రాన్ని గోడకు ఆనించి, దాలిబోర్ వానెక్ అని రాశాడు.

“ప్రాగ్ వాళ్లు నన్నడుగుతారు,” అన్నాడు పెన్ను మూత పెడుతూ. “వాళ్లకి నేనేం చెప్పాలి?”

“ఇక్కడికి రమ్మనండి,” అన్నాను. “ఒక్కొక్కరినీ ఆ బకెట్ల మధ్య కూర్చోబెట్టి వందేసి లెక్కపెట్టిస్తాను.”

దాలిబోర్ అప్పటికే వాల్వు తిప్పుతున్నాడు.